పాలసీసా ఎవరిది?

"ముక్కులు తర్వాత మూసుకుందురుగాని. ముందు ఇది ఎవరిదో చెప్పండి."

టీచరమ్మ పాలసీసాను తెచ్చి భోజనాల బల్ల మీద సరిగ్గా మధ్యలో పెట్టింది.

సీసా అడుగున పాలూ కాదు, పెరుగూ కాదు, ఆకుపచ్చగా ఒక ముద్ద. మెడ చుట్టూ పచ్చటి జిగురు. రబ్బరు పీక మీద నల్లటి చుక్కలు. ఆ పీక చివరి నుంచి ఒక చీమ తీరిగ్గా బయటికి వచ్చి, అందరినీ ఒకసారి చూసినట్టు ఆగి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. వాసన మాత్రం ఆగలేదు. గది నాలుగు మూలలూ చుట్టేసింది.

టీచరమ్మ చెల్లెలి అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మరిది, ఆ చెల్లెలి మొగుడు, లేచి కిటికీలు బార్లా తీశాడు.

"అన్నం తినే బల్లమ్మా అది!" అంది అత్తగారు.

"పసిపాప నోట్లో పెట్టినప్పుడు రాని అసహ్యం, బల్ల మీద పెడితే వచ్చిందా అత్తయ్యగారూ?"

అత్తగారికి ఒళ్ళు మండింది.

టీచరమ్మ అసలు వచ్చింది ఆస్పత్రిలో ఉన్న చెల్లెలికి మార్చుకునే బట్టల కోసం. నర్సింగ్ కాలేజీలో పిల్లలకు పాఠం చెప్పే మనిషి, వాసన తగిలితే వదలదు. పట్టుకుని వెళితే, వాషింగ్ మెషీన్ వెనకాల, ముడేసిన ప్లాస్టిక్ సంచిలో దొరికింది ఈ సీసా. అప్పటికే పాప వార్డులో సెలైన్ కింద పడుకుని ఉంది. ఆగని విరేచనాలు. పుట్టి ఇంకా రెండు నెలలు కాలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి.

"తల్లి పాలు తప్ప ఇంకేమీ పట్టలేదని నిన్న డాక్టరు ముందు అందరూ ఒట్టేసినంత పని చేశారు. మరి ఇదేమిటి?"

వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయా చేతులు నలుపుకుంటోంది. "నాకు తెలీదమ్మా. నా పిల్లల మీద ఒట్టు."

"నీకు తెలీక ఎవరికి తెలుస్తుందే?" అత్తగారికి దారి దొరికింది. "ఆ మిషను దగ్గర తిరిగేది నువ్వు కాక నేనా? నేను కళ్ళారా చూశాను నిన్ను."

"ఏం చూశారు?" అంది టీచరమ్మ.

"చూశానంటే చూశాననే! డాక్టరుకి కూడా అదే చెప్తా. నువ్వేమన్నా పోలీసువా, గుచ్చి గుచ్చి అడగడానికి?"

మరిది మధ్యలోకి వచ్చాడు. ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. ఈ వీధిలో ఏ ఆడమనిషిని అడిగినా, మొగుడంటే ఇలా ఉండాలంటుంది.

"వదినా, మీరు కూర్చోండి ముందు. ఆయా ఏదో తెలీక చేసుంటుంది. పాపం, చదువుకున్న మనిషి కాదు కదా. గొడవెందుకు? పనిలోంచి తీసేద్దాం. అక్కడితో సరి."

"మీరెప్పుడూ చూడలేదా ఈ సీసాని?"

"నేనా?" నవ్వాడు. "నాకు దానికి మూత ఎటో, అడుగు ఎటో కూడా తెలీదు. పాపకి సంబంధించినవన్నీ ఆడవాళ్ళ పనులు. నేను చెయ్యి పెట్టను."

ఆయా కొంగుతో కళ్ళొత్తుకుంటూ చెప్పులేసుకుంది. ఎవరూ ఆపలేదు.

అత్తగారు అప్పుడు తీసింది అసలు మాట. "ఇదిగో అమ్మాయ్, మేం ఒక మాట అనుకున్నాం. మీ చెల్లెల్ని నీ ఇంటికి తీసుకుపో. పాలు పడని తల్లి ఉంటే ఎంత, ఊడితే ఎంత? రొమ్ము నోట్లో పెడితే పాప వెనక్కి విరుచుకుంటోంది. అంటే ఏమిటి? ఆ పాలల్లోనే ఏదో దోషం ఉంది. పాప మా దగ్గరుంటుంది. సీసాపాలతో మేం పెంచుకుంటాం."

టీచరమ్మ మరిది వైపు చూసింది. అమ్మా, అదేం మాట అంటాడనుకుంది.

అతను కిటికీ ఊచ మీద దుమ్ము తుడుస్తున్నాడు.

ఆ మౌనం ముందు సీసా కంపు ఎంత? టీచరమ్మ సీసాను సంచిలో వేసి గట్టిగా ముడి బిగించింది. "ఇది నా దగ్గరుంటుంది" అని గుమ్మం దిగింది.

*

"ఎవరు పట్టారో, ఏ పొడి, ఎంత నీళ్ళలో కలిపారో నాకు తెలియాలి" అన్నాడు పిల్లల డాక్టరు. "ఆ పెద్దావిడ ఆయా పేరు చెప్పింది. ఎప్పుడు చూశారు, ఎలా చూశారు అంటే మాట మార్చేస్తోంది. నిజం తెలియకుండా ఆ ఇంటికి పాపని పంపితే వారం తిరక్కుండా మళ్ళీ ఇక్కడికే వస్తుంది. ఈసారి బతికించలేకపోవచ్చు."

చెల్లెలు వింటూ కూర్చుంది. కళ్ళకింద నల్లటి గుంటలు. పాప కాలికి కట్టిన పట్టీని వేలితో నిమురుతోంది.

డాక్టరు వెళ్ళాక అంది: "నాకు నిజంగానే పాలు లేవేమో అక్కా. పాపని వాళ్ళకే ఇచ్చేయనా? బతుకుతుంది కదా, ఎక్కడో ఒకచోట."

"నోరు ముయ్యి. కడుపు నిండిన పిల్ల రొమ్మెందుకు పడుతుంది? పిల్ల చీకకపోతే పాలెందుకు ఊరతాయి? నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు, కునుకు తీసినప్పుడు ఎవరో దాని కడుపు నింపేస్తున్నారు. పైగా నీకు పాలు లేవని నీతోనే అనిపిస్తున్నారు."

"ఎవరు చేస్తారక్కా అలాంటి పని?"

"మీ ఆయనేమంటాడు?"

చెల్లెలు తల దించుకుంది. "ఆయన మంచివారే. నేను పాలివ్వడానికి కూర్చుంటే లేచి బయటికి వెళ్ళిపోతారు."

"మర్యాదేమోలే."

"ఏమో. జాకెట్టు తడిస్తే మాత్రం మొహం అదోలా పెడతారు. వాసనట. పడక హాల్లోకి మార్చేసుకున్నారు. మొన్న నా దుప్పటిని రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన ఎలకని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళి బకెట్లో పడేశారు." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

టీచరమ్మ లేచి కాలేజీ ల్యాబ్‌కు వెళ్ళింది. ఆస్పత్రి ఆవరణలోనే ఉంది అది. చేతికి తొడుగులు వేసుకుని, అడుగున ఉన్న ముద్దను పరీక్షకు తీసి పెట్టి, సీసాను బ్రష్షుతో తోమింది. పీక లోపలి పొర ఊడి నీళ్ళలో తేలుతుంటే డోకు వచ్చింది. అయినా ఆపలేదు. మరగబెట్టింది. మంచినీళ్ళు నింపి వంచి చూసింది.

చుక్క పడలేదు.

పీకకు కంత ఉంది. నీళ్ళున్నాయి. అయినా పడటం లేదు. పిండితే పీక లోపలికి అతుక్కుపోయింది. ఊరికే మూతను కాస్త వదులు చేసింది. గాలి లోపలికి వెళ్ళి, చుక్కలు టపటపా పడ్డాయి.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఈ సీసాకు ఒక జబ్బుంది. ఆ జబ్బు దీనితో రోజూ పాలు పట్టిన చేతికే తెలుస్తుంది.

*

విద్యార్థినులు ఆ ల్యాబ్‌ను 'ఉత్తుత్తి వార్డు' అంటారు. మంచాలు నిజమైనవే, తెరలు నిజమైనవే. రోగులే బొమ్మలు. బాలింత వేషం కట్టే అమ్మాయి ఛాతీకి రబ్బరు రొమ్ముల జాకెట్టు తొడుక్కుంటుంది. లోపలి సంచిలో పాలపొడి నీళ్ళు. సరిగా పట్టిస్తే చుక్కలు వస్తాయి, తప్పుగా పట్టిస్తే రావు.

మర్నాడు పొద్దున జాకెట్టు వంతు చిలకది. నోరు మూతపడదని ఆ పేరు. పాప బొమ్మను పట్టించే నర్సు వంతు రైలుది. ఎక్కడా ఆగదని ఆ పేరు.

రైలు వస్తూనే బొమ్మ తల వెనక చెయ్యి వేసి రొమ్ముకేసి నొక్కింది.

"అయ్యో, నర్సమ్మా!" చిలక కేక పెట్టింది. "నా బిడ్డకి ఊపిరాడట్లా! నేను డబ్బులు పెట్టి కన్నానే!"

అందరూ పకపకా నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు.

"రైలూ, నీ మెడ పట్టుకుని అన్నం కంచంలోకి తోస్తే తింటావా?"

"తినను మేడమ్. తన్నుతాను."

"పాప తన్నలేదు కాబట్టి వెనక్కి విరుచుకుంటుంది. అప్పుడు ఇంట్లోవాళ్ళు పాలు చేదంటారు, తల్లిలో దోషమంటారు. తల వెనక కాదు, భుజాల వెనక పట్టు. పాప పొట్ట తల్లి పొట్టకి ఆనాలి. నోరు బాగా తెరిచేదాకా ఆగు. ఇంకోటి. తల్లిని ముట్టుకునే ముందు అడిగావా?"

"లేదు మేడమ్."

"అడుగు. అది పాలకుండ కాదు, మనిషి."

రైలు ఈసారి అడిగింది. చెయ్యి కిందికి దించింది. ఆగింది. రబ్బరు చివర తెల్లటి చుక్క మెరిసింది.

"ఇప్పుడు నిజం కుటుంబం వస్తోంది" అంది టీచరమ్మ. "పాపని ఎత్తుకునే వాళ్ళంతా ఇక్కడ నేర్చుకుంటే గాని ఇంటికి పంపనని డాక్టరుగారు చెప్పారు. మీ పని ఒకటే. వాళ్ళ నోళ్ళు చూడకండి. చేతులు చూడండి."

అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. చిలక జాకెట్టు చూసి చెంపలు వేసుకుంది.

"ఛీ ఛీ! ఇదేం చదువమ్మా? పెళ్ళి కావలసిన పిల్లలు రబ్బరువి కట్టుకుని..."

"మేం చేసే తప్పులన్నీ ఈ రబ్బరు భరిస్తుంది మామ్మగారూ" అంది చిలక. "లేకపోతే మీ కోడలిలాంటి వాళ్ళు భరించాలి."

వెనకే మరిది. జాకెట్టు మీద చూపు పడగానే అతని పెదవి ఒక పక్కకి వంకర పోయింది. వెంటనే నవ్వుగా దిద్దుకున్నాడు. చివరగా, బతిమాలి పిలిపించిన ఆయా గోడవారగా నిలబడింది.

గది మూల తెర వెనక నుంచి గుర్రు గుర్రుమని చప్పుడు. పాలు తీసే పంపు. వార్డులోది పాడైందని చెల్లెల్ని ఇక్కడే కూర్చోబెట్టింది టీచరమ్మ. ఆ చప్పుడేమిటో తెలియగానే మరిది తన కుర్చీని ఇవతలికి జరుపుకున్నాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. ఇవాళ ఆ గదిలో కళ్ళన్నీ చూడటానికే వచ్చాయని అతనికి తెలియదు.

"ఇది ఏడ్చే బొమ్మ" టీచరమ్మ మీట నొక్కింది. బొమ్మ గుక్కపట్టింది. "పాలు గొంతులో పడేదాకా ఊరుకోదు. తల్లి స్నానానికి వెళ్ళింది. పిండి పెట్టిన పాలు ఈ సీసాలో ఉన్నాయి. ఒక్కొక్కరూ ఊరుకోబెట్టండి."

తళతళలాడుతున్న ఆ సీసాను ఎవరూ గుర్తుపట్టలేదు.

ముందు ఆయా. బొమ్మను భుజాన వేసుకుని జోకొట్టింది. సీసా వంచింది. పాలు పడలేదు. ఊపింది. పడలేదు. బెదిరిపోయి బొమ్మను చిలక ఒళ్ళో పెట్టేసింది. "నీ బిడ్డని నువ్వే చూసుకో తల్లీ. నాకు చేతకావట్లేదు."

తర్వాత అత్తగారు. బొమ్మ తల వెనక అరచెయ్యి వేసి పీక కేసి నొక్కింది. రైలు చిలకను మోచేత్తో పొడిచింది.

"పట్టు! పట్టవే! దీని గొంతు పడిపోను, ఏం మొండితనం. అచ్చం కోడలి పోలికే!" సీసాను కంటి దగ్గర పెట్టుకుని చూసింది. అరచేతిలో కొట్టింది. "దీనికి కంతే లేదమ్మాయ్. ఏం సామాను కొంటారో మీ కాలేజీవాళ్ళు."

బొమ్మ ఏడుపు గోడల్ని కోస్తోంది. టీచరమ్మ కావాలనే దాన్ని ఆపలేదు.

మరిది నుదురు ముడిపడింది. ఒకసారి చెవి రుద్దుకున్నాడు. ఒకసారి తలుపు వైపు చూశాడు.

"నాకివన్నీ రావు వదినా. వదిలేయండి."

"రాకపోతే రాకపోయింది. ప్రయత్నించండి."

"అబ్బ, ఆ గోల ఒకటి... ఇటివ్వండి ముందు!"

లాక్కున్నంత పని చేశాడు. కూర్చున్నాడు. బొమ్మ ఎడమ ముంజేతి మీదకు దానంతటదే వచ్చినట్టు వచ్చి పడుకుంది. కుడిచేతి బొటనవేలు సీసా మూతను పావు చుట్టు వెనక్కి తిప్పింది. జేబులోంచి రుమాలు తీసి సీసా మెడకు ఒక చుట్టు చుట్టాడు. పీకతో బొమ్మ కింది పెదవిని తాకాడు.

గుటక్. గుటక్.

ఏడుపు ఆగిపోయింది.

మరిది తలెత్తి నవ్వాడు. "చూశారా, ఇంతే కదా! ఏముంది ఇందులో?"

ఆ నవ్వుకు ఎవరూ బదులు నవ్వలేదు.

రైలు ఆగలేకపోయింది. "సార్, ఆ రుమాలు ఎందుకు చుట్టారు?"

"పక్కనుంచి కారుతుంది కదమ్మా, బట్టలు పాడవుతాయని."

"ఇంకా కారలేదు కదా సార్. కారుతుందని మీకెలా తెలుసు?"

తెర వెనక పంపు చప్పుడు ఆగింది.

మరిది సీసా వైపు చూసుకున్నాడు. అప్పుడు గుర్తుపట్టాడు దాన్ని. ముఖంలో నెత్తురు చుక్క లేదు. సీసాను బల్ల మీద పెట్టేశాడు.

"ఆయా... ఆయా ఇలాగే పట్టేది. దాన్ని చూసి నేర్చుకున్నాను."

"చూశారా?" ఆయా గోడను వదిలి ముందుకొచ్చింది. "చూసి ఊరుకున్నారా అయ్యా? మీ బిడ్డకి నేను పాడుపాలు పోస్తుంటే నిలబడి నేర్చుకున్నారా?"

"నోర్ముయ్!"

మెత్తటి గొంతు ఎటుపోయిందో. విద్యార్థినులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

తెర పక్కకు జరిగింది. చెల్లెలు శాలువా కప్పుకుని నిలబడింది. చేతిలో గిన్నె, అందులో అప్పుడే తీసిన పాలు. లేవు లేవన్న పాలు.

"ఎందుకండీ?"

ఆ ఒక్క మాటే అడిగింది. గట్టిగా కూడా కాదు.

అతని చూపు ఆమె ముఖం దాకా వెళ్ళలేదు. గిన్నె దగ్గరే ఆగి, పక్కకి తప్పుకుంది. పెదవి మళ్ళీ వంకర పోయింది. ఈసారి దిద్దుకోలేదు.

"ఎందుకేమిటి? ఎప్పుడు చూసినా తడి, ఆ కంపు. మంచం నిండా అదే, మనిషి నిండా అదే. అది తొందరగా ఆగిపోతే నా పెళ్ళాం మళ్ళీ మనిషిలా ఉంటుందని ఎవడైనా అనుకుంటే తప్పా? నేను చేశాననట్లేదు. మాటవరసకి అంటున్నాను."

టీచరమ్మకు సీసా అడుగున చూసిన ముద్ద గుర్తొచ్చింది. దాన్నైనా బ్రష్షుతో తోమవచ్చు. నోరు తెరవబోయింది. అప్పుడే గుమ్మం దగ్గర డాక్టరు కనిపించాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో.

మరిదికి అదే అదను. "డాక్టరుగారూ, వీళ్ళంతా కూడబలుక్కుని నన్ను ఇరికిస్తున్నారు. మా అమ్మ కళ్ళారా చూసింది. మీకు చెప్పింది కూడా. అమ్మా, ఇంకోసారి చెప్పమ్మా. ఆయానే కదా?"

తల్లి వైపు చూసి నవ్వాడు. చిన్నప్పటి నుంచి ఏ తప్పు చేసినా తప్పించుకున్న నవ్వు అది.

అందరి కళ్ళూ అత్తగారి మీదకి తిరిగాయి. అయిపోయింది అనుకుంది టీచరమ్మ. రుమాలు చుట్టడం నేరమని ఎవరూ అనరు. ఈవిడ అవునని ఒక్కసారి తలూపితే ఆయా దొంగ అవుతుంది, మరిది మంచివాడవుతాడు. చెల్లెలు అక్క ఇంటికి, పాప ఆ ఇంటికి.

అత్తగారు లేచింది. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా బల్ల దాకా వచ్చింది. సీసా మెడకున్న రుమాలును విప్పింది. తడిసిన చోట ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నీ రుమాళ్ళు నానబెట్టి ఉతికేది నేనే కదరా" అంది. "రోజూ పులిసిన కంపు కొట్టేవి. పాప కక్కితే నువ్వు తుడుస్తున్నావనుకున్నాను. నా కొడుకు ఎంత మంచివాడో అని పక్కింటావిడకి చెప్పుకుని మురిసిపోయాను."

"అమ్మా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ముట్టుకోకు నన్ను."

చేయి విదిలించుకుంది. రుమాలు నేల మీద పడింది. ఎవరూ తియ్యలేదు.

"పెద్దమ్మగారూ" అన్నాడు డాక్టరు. "వార్డులో పాప ఉంది. నాకు టైము లేదు. ఎవరు పట్టారు?"

అత్తగారు ఆయా వైపు చూసింది. కోడలి చేతిలో గిన్నె వైపు చూసింది. చిట్టచివరికి, ఏదో చేదు ఉమ్మేస్తున్నట్టు, డాక్టరు వైపు తిరిగింది.

"నేను ఎవర్నీ చూళ్ళేదు బాబూ, అబద్ధమాడాను. ఆ పాలు పోసింది ఆయా కాదు, కోడలు కాదు. వీడే. నా కొడుకే."